సంత రోజు తెరిచిన పాతర

ముప్పై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళూ దీన్ని ఎవరికీ చెప్పకుండా మోశాను. బరువని అందామంటే నాకు బరువులు కొత్త కాదు. మండీలో రాగుల మూటల మధ్య బతికినవాణ్ణి. బరువైతే ఏదో ఒక రోజుకు అలవాటు పడేవాణ్ణి. ఇది భయం. పొద్దున కళ్ళు తెరిచేసరికి నాకంటే ముందే లేచి కూర్చుని ఉంటుంది. వీధిలో ఖాకీ చొక్కా కనిపిస్తే, అది పోస్టుమ్యాను చొక్కా అయినా సరే, పక్క సందులోకి తిరిగిపోతాను. మా అబ్బాయి నవ్వుతాడు. నాన్నకు పోలీసులంటే చిన్నపిల్లల భయం అని కోడలితో చెబుతాడు. నవ్వనీ అని ఊరుకుంటాను.

ఈ కాగితాలు చదివే మీరెవరో నాకు తెలియదు. అదే మేలు. తెలిసినవాళ్ళకు చెప్పాలని ఒకటి రెండుసార్లు నోరు తెరిచాను. ఒకసారి మా ఆవిడతో మొదలుపెట్టి, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పి ముగించాను. ఆమె పోయింది. నేనూ ఎంతో కాలం ఉండను. ఉన్నంతలో ఒక్కరికైనా చెప్పాలి. ఎందుకు చెప్పాలి? చెబితే ఏమొస్తుంది? నాకు తెలియదు. చెప్పకపోతే ఏమవుతుందో మాత్రం ఇన్నేళ్ళుగా తెలుసు.

నేను పుట్టింది పుంగనూరులో. రెండో ప్రపంచ యుద్ధానికి కొన్నాళ్ళ ముందు కుప్పంలో రాగుల మండీ పెట్టాను. కుప్పం నుంచి పడమటికి కొంత దూరం నడిస్తే ఒక సరిహద్దు రాయి వచ్చేది. దానికి ఇవతల మదరాసు ప్రభుత్వం, అంటే తెల్లవాళ్ళది. అవతల మైసూరు మహారాజుగారి రాజ్యం. ఇక్కడ తాసిల్దారు, అక్కడ అమల్దారు. అంతకు ముందు ఆ రాయి మీద మేకలు కాసేవాళ్ళు కూర్చునేవాళ్ళు, అంతకు మించి దానికి పని ఉండేది కాదు. యుద్ధం వచ్చాక దానికి పని దొరికింది.

బర్మా బియ్యం రావడం ఆగిపోయి కంట్రోలు వచ్చింది. మా వైపు మండీకి లైసెన్సు ఉండాలి, ఇన్ని మూటలకు మించి ఉంచకూడదు, ఒక తాలూకా నుంచి ఇంకో తాలూకాకు బండి కదలాలంటే పర్మిట్టు కావాలి. పుంగనూరులో ఉన్న మా అక్కకు ఒక మూట రాగులు పంపాలన్నా తాసిల్దారు కచేరీ మెట్లు ఎక్కాలి. అవతల మొదట్లో ఇదేమీ లేదు. రైతు పండించింది రైతు ఇష్టం. అమ్మితే అమ్మాడు, దాచుకుంటే దాచుకున్నాడు. ఒకే గింజ, ఒకే మట్టి, ఒకే వాన. రాయికి ఇవతల మూట ఎక్కువైతే నేరం, అవతల అదే మూట సంసారం. నేను వ్యాపారిని. అడ్డు లేని వైపు కాలు దానంతట అదే పోతుంది. రాయి దాటితే అరమైలులో ఉన్న పల్లెలో మా మేనమామ ఉండేవాడు, ఒంటరి మనిషి. ఆయన దొడ్డిలో తాతల నాటి పాతర ఒకటి ఉంది. లైసెన్సుకు మించిన నా రాగులన్నీ కొంచెం కొంచెంగా ఆ పాతరలోకి చేరాయి.

పాతర అంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. నేలలో తవ్విన గాదె. నోరు సన్నగా, మనిషి దిగేంత. లోపల పొట్ట పెద్దది. నింపి, పైన బండ పెట్టి మట్టితో మెత్తితే రాగులు ఏళ్ళ తరబడి చెడవు. కానీ లోపల గాలి చెడుతుంది. ఆ గాలికి వాసన ఉండదు, రంగు ఉండదు. అందుకే మా వైపు ఒక పద్ధతి ఉండేది. పొద్దున్నే బండ తీసి మధ్యాహ్నం దాకా వదిలేస్తారు. గొంగళ్ళతో విసురుతారు. తర్వాత తాడుకు దీపం కట్టి దించుతారు. దీపం ఆరితే ఎవరూ దిగరు. పాతర తెరిచిన రోజు ఊళ్ళో నలుగురూ వచ్చి చుట్టూ కూర్చునేవాళ్ళు, వచ్చినవాళ్ళకు తలా దోసెడు రాగులు పెట్టేవాళ్ళు. అది దాచి చేసే పని కాదు. దాచి చేయకూడదనే పెద్దవాళ్ళు అలా పెట్టారేమో అని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు నాకు అంత బుద్ధి లేదు.

పాతరలు తీయడంలో దేవదానం అనే మనిషిని మించినవాడు లేడు. కుప్పం దగ్గర మిషను పాలెంలో ఉండేవాడు. రాయికి రెండు వైపులా వాళ్ళూ అతన్నే పిలిచేవాళ్ళు. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. దిగే ముందు టోపీ తీసి ఒక్క క్షణం కళ్ళు మూసుకునేవాడు. భార్య మార్తమ్మ నాలుగిళ్ళల్లో తిరగలి దగ్గర కూర్చుని రాగులు విసిరేది. ఇద్దరు పిల్లలు.

ఏడాది తిరక్కుండానే అవతలి ప్రభుత్వమూ కళ్ళు తెరిచింది. అక్కడి బంగారు గనుల కూలీలకు గింజలు చాలడం లేదట. రాజ్యం దాటి రాగులు పోకూడదని ఉత్తర్వు వేశారు. అక్కడివాళ్ళు ఇంటి తిండికీ విత్తనానికీ ఉంచుకోవచ్చు. నాలాంటి బయటివాడి సరుకు దొరికితే జప్తు, మనిషికి జైలు. ఇప్పుడు చూడండి నా పరిస్థితి. అక్కడే ఉంచితే అక్కడి చట్టానికి దొంగసరుకు, ఇటు తెచ్చుకుంటే ఇక్కడి చట్టానికి దొంగసరుకు. నెల రోజులు ఎటూ తేల్చుకోలేకపోయాను. ఒక రోజు పొద్దున్నే అమల్దారు కచేరీ బంట్రోతు ఒకడు చెప్పాడు, మర్నాడు మా మామ ఉన్న పల్లెకు మనుషులు వస్తున్నారని, ఇనుప చువ్వలతో దొడ్లన్నీ పొడిచి చూస్తారని. మామ ఊళ్ళో లేడు, ఎద్దులు కొనడానికి పుంగనూరు పశువుల సంతకు వెళ్ళాడు. ఆ రోజు ఆ పల్లెవాళ్ళకూ సంత. మిట్టమధ్యాహ్నం ఊరు ఖాళీగా ఉంటుంది. ఒంటరి మనిషి తిండికి అంత సరుకంటే ఎవరూ నమ్మరు. సగమైనా బయటికి తీసి ఇటు తెచ్చుకుని నా మనుషుల ఇళ్ళల్లో సర్దేద్దామనుకున్నాను. దేవదానాన్ని నేనే దారిలో కలిసి పిలిచాను. పని ఇలాంటిదని చెప్పాను, దాచలేదు. ఇంట్లో కూడా చెప్పొద్దన్నాను. కూలి కింద రెండు కుంచాల రాగులు ఇస్తానన్నాను. రేషను డిపోలో వాళ్ళకు దొరికేది పుచ్చిన జొన్న.

ఎండ నడినెత్తి మీద ఉంది. ఇద్దరం గడ్డపారతో బండ పక్కకు జరిపాం. ఊళ్ళో కుక్క మొరిగినా నేను గోడ మీదుగా తొంగి చూస్తున్నాను. దేవదానం టోపీ తీశాడు గానీ దిగలేదు.

"దీపం దించందే దిగనప్పా. లాంతర్లో కిరసనాయిలు లేదు, అదీ కార్డు మీదనే గదా. ఆ మూలింటి అవ్వ దగ్గర ఆముదం దీపం అడుక్కోనొస్తా."

"దీపం అడిగితే పాతర తెరిసినామని సెప్పినట్టే. వద్దు."

"అట్లయితే పొద్దు వాలేదాకా ఇడిసిపెడతాం. గాలి తిరగల్ల."

"అంతసేపు యాడుండాది దేవదానం? సంతకు పోయినోళ్ళు వచ్చేస్తారు. తెల్లారితే అమల్దారు మనుషులు ఈడ ఉంటారు. నన్ను జైల్లో ఏయించాలని ఉండాదా నీకు?"

అతను పాతర నోటి వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. ఆ మాట నేను అనకుండా ఉండవలసింది. నా భయం అతని మీద పెట్టాను.

"నువ్వు పైన ఉంటావు గదప్పా?"

"ఈడనే ఉంటా. తాడు నా సేతిలోనే ఉంటాది."

గొంగడితో నాలుగుసార్లు విసిరాడు. దిగాడు. తాడు నడుముకు కట్టుకోలేదు. గంప పైకి లాగడానికి అదొక్కటే తాడు. మొదటి గంప వచ్చింది. కుమ్మరించి గంప దించాను. రెండో గంప రాలేదు. పిలిచాను. లోపల రాగుల్లో ఎవరో కూలబడినట్టు మెత్తని చప్పుడు ఒకటి వినిపించింది. మళ్ళీ పిలిచాను. పరుగెత్తుకుంటూ వీధిలోకి పోయి కేకలు వేశాను. మూలింటి అవ్వ వచ్చింది, సంత నుంచి అప్పుడే తిరిగి వస్తున్న ఇద్దరు మగవాళ్ళు వచ్చారు. వాళ్ళు గొంగళ్ళు తడిపి విసిరి, ముక్కులకు గుడ్డ కట్టుకుని, చాలాసేపటికి అతన్ని పైకి తీశారు. ముఖం మీద రాగుల దుమ్ము అంటుకుని ఉంది. ఊపిరి లేదు.

ఎవరో అడిగారు, నేను ఇక్కడ ఏం చేస్తున్నానని. మామ ఇల్లు చూసిపోదామని వస్తే దొడ్లో చప్పుడైందని చెప్పాను. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. అంతవరకు అలా చెప్పాలని అనుకోలేదు. నోట్లోంచి పడిపోయింది. పడ్డాక దాన్ని ఎత్తుకోవడానికి వీల్లేకపోయింది. పక్కనే కుమ్మరించిన ఒక గంప రాగులు ఉన్నాయి, గడ్డపార ఉంది, చచ్చిపోయిన మనిషి ఉన్నాడు. ఇంక ఎవరికీ వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

మర్నాడు కచేరీ గుమాస్తా, ఇద్దరు పోలీసులు వచ్చారు. గుమాస్తా సగం కన్నడం సగం తెలుగు మాట్లాడాడు. పాతర ఎవరిదని అడిగాడు. మా మామదన్నాను. గింజలు ఎవరివన్నాడు. మామవే, తిండిగింజలు, విత్తనం అన్నాను. అక్కడివాడు తిండికి ఉంచుకోవచ్చు గదా. ఆయన రాసుకున్నాడు. మనిషి చచ్చిన పాతరలోకి దిగి ఎన్ని మూటలున్నాయో కొలవడానికి ఎవరూ ముందుకు రాలేదు. చూశారా, అవే రాగులు. నా పేరు చెబితే జైలు. మామ పేరు చెబితే సంసారం. దేవదానం పేరు చెప్పాను, దొంగతనం అయింది. చనిపోయినవాడి మీద కేసేమిటి, ఆడమనిషిని తిప్పొద్దని గుమాస్తాను బతిమాలాను కూడా. కేసు నడిస్తే నన్ను మళ్ళీ పిలుస్తారని భయం. అందరూ నన్ను దయగలవాడని అనుకున్నారు.

మామ తిరిగి వచ్చాడు. రెండు నెలల్లో రాగులన్నీ కొద్దికొద్దిగా నేను తెచ్చుకున్నాను. ఒక మూట మార్తమ్మకు పంపాను. ఆ పాతరలోవే. పాతర ఖాళీ అయ్యాక మామ దాన్ని మట్టితో పూడ్చేశాడు. పోయేవరకు నాతో పంటల గురించి తప్ప మాట్లాడలేదు.

దొంగ పెళ్ళామని మార్తమ్మను ఏ ఇంట్లోనూ తిరగలి దగ్గరికి రానివ్వలేదు. విసిరే పని ఇంట్లో గింజల మధ్య పని. నమ్మకం పోతే ఆ పని లేదు. కొన్నాళ్ళు కూలికి పోయింది. తర్వాత పిల్లల్ని తీసుకుని మదనపల్లెకు వెళ్ళిపోయిందని విన్నాను. విని ఊపిరి పీల్చుకున్నాను. ఆమె కుప్పంలో లేకపోతే భయం తగ్గుతుందనుకున్నాను.

స్వాతంత్ర్యం వచ్చింది. కొన్నాళ్ళకు కంట్రోళ్ళు పోయాయి, మళ్ళీ వచ్చాయి, మళ్ళీ పోయాయి. మహారాజు పోయాడు. సరిహద్దు రాయికి అవతల తాసిల్దారే, ఇవతలా తాసిల్దారే. ఏ చట్టానికి భయపడి నేనా పని చేశానో ఆ చట్టాలు ఏ కాగితాల్లోనూ లేవు. ఇప్పుడు ఎవరైనా నన్ను పట్టుకోవాలన్నా ఏ నేరం కింద పట్టుకుంటారో చెప్పలేరు. మరి ఈ భయం ఎవరిది? దేన్ని గురించి?

నేనూ చివరికి మదనపల్లెకే చేరాను, కొడుకు ఇక్కడ ఉద్యోగంలో ఉన్నాడు. ఛాతీ నొప్పికి ఒకసారి ఆసుపత్రిలో పది రోజులు ఉన్నాను. అక్కడ గుడ్డలు ఉతికే ఆడవాళ్ళలో ఒకామె నా మంచం దగ్గర ఆగింది. జుట్టు పూర్తిగా నెరిసింది గానీ గుర్తుపట్టాను. నేను దుప్పటి ముఖం మీదికి లాక్కోబోయాను. ఆమె చేతులు జోడించింది. ఆ రోజు మీరు పోలీసులకు అడ్డం పడకపోతే నేను పిల్లలతో కచేరీల చుట్టూ తిరిగేదాన్ని, మీరు పంపిన మూటతోనే ఆ కరువు గట్టెక్కాం అని చెప్పింది. కొడుకు ఇదే ఊళ్ళో కాంపౌండరు అయ్యాడట. వాడికి తండ్రి బావిలో పడి పోయాడని చెప్పిందట. నిజం చెబితే తల ఎత్తుకోలేడని. ఆయన ఎందుకు అట్లా చేశాడో నాకు ఇప్పటికీ తెలియదు సామీ, ఒకరి గింజ ముట్టుకునేవాడు కాదు అని, బట్టల మూట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

నేను నోరు విప్పలేదు. చుట్టూ మంచాలు ఉన్నాయని, మనుషులు ఉన్నారని నాకు నేనే చెప్పుకున్నాను.

ఇక్కడ ఒక్కటి సరిచేయాలి. పైన నేను పరుగెత్తుకుంటూ వీధిలోకి పోయి కేకలు వేశానని రాశాను. అది అబద్ధం. కొట్టేసి మళ్ళీ రాయవచ్చు. కొట్టేయను, ఉండనివ్వండి. పేరు లేకుండా రాస్తూ కూడా ఈ చేయి ఎంత సులువుగా అబద్ధం ఆడుతుందో మీరూ చూడండి.

ఏం జరిగిందంటే, రెండోసారి పిలిచి జవాబు రాకపోయేసరికి చేతిలోని తాడు వదిలేశాను. పక్కన నాలుగు ఖాళీ గోనె సంచులు ఉన్నాయి, తారుతో మా మండీ గుర్తు వేసినవి. జనం వస్తే ముందు వాటిని చూస్తారు. వాటిని మడిచాను. దొడ్డి మూలలో ఉన్న గడ్డివామిలో కుక్కాను. ఒకటి బయటికి కనిపిస్తోందని మళ్ళీ తీసి లోపలికి తోశాను. చేతులకు అంటిన పొట్టు దులుపుకున్నాను. అప్పుడు వీధిలోకి వెళ్ళాను. ఎంతసేపు పట్టి ఉంటుంది? ఆకు వక్క వేసుకునేంత సేపు? ఇంకా ఎక్కువా? అప్పుడు తెలియదు, ఇప్పుడూ తెలియదు. ఆసుపత్రి నుంచి వచ్చే రోజు డాక్టరును ఊరికే అడుగుతున్నట్టు అడిగాను, అలాంటి గాలిలో పడిన మనిషి ఎంతసేపు ఉంటాడని. చెప్పలేం పెద్దాయనా, ఒక్కోసారి వెంటనే లాగితే బతుకుతారు అన్నాడు. నా మందుల చీటీ రాస్తూ అన్నాడు.

ఇన్నేళ్ళూ నేను ప్రభుత్వాలను తిట్టాను. మనసులోనే, గట్టిగా. రాయికి అటొక చట్టం ఇటొక చట్టం పెట్టి, ఇంటి గింజను నేరం చేసి, నావంటి మామూలు మనిషిని ఇలా చేశారని. అందులో నిజం లేకపోలేదు. అటూ ఇటూ ఒకే పద్ధతి ఉండి ఉంటే ఆ పాతరలో నా రాగులు ఉండేవే కావు. కానీ అవే చట్టాల కింద మా వీధిలో ఇంకో ఇద్దరు మండీవాళ్ళు ఉన్నారు. ఒకడు ఉన్న సరుకంతా కచేరీలో చెప్పి నష్టపోయాడు. ఒకడు పట్టుబడి జుర్మానా కట్టాడు. వాళ్ళెవరూ మనిషిని దింపలేదు. సంచులు మడిచే పని ఏ చట్టమూ నాకు చెప్పలేదు. ఈ మాట నాకు ఇంతకాలం తెలియదా? తెలుసు. తెలిసీ, తిట్టడానికి ఎవరో ఒకరు కావాలి గదా.

కాంపౌండరు ఉండే వీధి మా ఇంటికి దగ్గరే. రెండుసార్లు అటు వెళ్ళాను. ఒకసారి అతను బయటే నిలబడి ఉన్నాడు, పొట్టిగా, గట్టిగా. ఏం కావాలి తాతా అని అడిగాడు. దారి తప్పానన్నాను. చెయ్యి పట్టుకుని మెయిన్ రోడ్డు దాకా దిగబెట్టాడు. ఆ పావుగంటలో చెప్పి ఉండవచ్చు. చెబితే ఏం చేస్తాడు? కొడతాడా? కొట్టినా మేలే. నేను భయపడేది అతని చేతికి కాదు. అతను నమ్మలేక నా ముఖంలోకి చూస్తాడు గదా, ఆ చూపుకు. మార్తమ్మ పోయిన ఏడాది చనిపోయింది. ఆమెకు చెప్పే అవకాశాన్ని నేనే పోగొట్టుకున్నాను.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించవలసినవాళ్ళు మీరు కారు. ఈ కాగితాలకు కింద పేరు రాద్దామని కలం పెట్టాను. చేయి ఆడలేదు. అంత పిరికివాణ్ణే ఇప్పటికీ. కానీ ఇంతవరకు రాసింది మాత్రం చింపను. దేవదానం దొంగ కాదు. ఆ గింజలు నావి, నేను పిలిస్తే వచ్చాడు, నా మాట మీద దిగాడు. నిన్నటిదాకా ఈ సంగతి ఈ లోకంలో ఒక్కడికే తెలుసు. ఇప్పుడు ఇద్దరికి తెలుసు.